ఆకు లేని పువ్వు

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. నాలుగో తరగతి తర్వాత నేను కాగితం మీద రాసినవి సంతకాలే. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. నా చేతికి పెన్ను కన్నా చీపురు బాగా తెలుసు, అందుకని చీపురు దగ్గర మొదలుపెడతాను.

పోయినేడు చలి తగ్గుతున్న రోజుల్లో మేము యూసుఫ్‌గూడ గది ఖాళీ చేసి ఈ ఇంటికి వచ్చాం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోతుంటే, హాస్టళ్ళ మధ్య ఒక సందులో పాత ఇల్లు. చుట్టూ అయిదంతస్తులు, ఆరంతస్తులు లేచిపోయాయి, ఇది మాత్రం అట్లాగే నేల మీద కూర్చుని ఉంది. ముందు భాగంలో ఓనరమ్మ ఒక్కరే ఉంటారు. వెనక భాగంలో ఒక గది, ఒక వంటిల్లు మాకు ఇచ్చారు. ఆ వంటింటి తలుపు తీస్తే పెరడు. నాలుగు మంచాలు వేసేంత మట్టి నేల, ఒక పంపు, పంపు పక్కన బట్టలుతికే బండ. పక్కింటి కానుగ చెట్టు గోడ మీదుగా ఒక కొమ్మ మా వైపు వేసింది. అంతే.

యూసుఫ్‌గూడలో మాది మూడో అంతస్తు. పదకొండేళ్ళు నేను మట్టి తొక్కలేదు. అందుకే సామాను దించగానే, మా ఆయన గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంటే జవాబు కూడా చెప్పకుండా, చీపురు పట్టుకుని పెరట్లోకి పోయాను. వాకిట్లో గడ్డి ఉంటే ఆ ఇంటి ఆడమనిషి బద్ధకస్తురాలని మా అమ్మ అనేది. నేల గీతలు పడేదాకా ఊడ్చాను. మొలకలు పీకాను. పేడ దొరకదు కాబట్టి ఉత్త నీళ్ళే సానుపు చల్లాను. సాయంత్రానికి ఆ నేల దువ్విన తలలాగా ఉంది. చూసుకుని నాకు మస్తు గర్వమైంది.

తర్వాత రోజూ అదే పని.

నేను పూలు కట్టి అమ్ముతాను. పొద్దు పొడవకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి మల్లెమొగ్గలు, కనకాంబరాలు, లిల్లీలు తెస్తాను. తడిగుడ్డలో చుట్టి పెట్టి, మధ్యాహ్నం దాకా కడతాను. దారం కొస కాలి బొటనవేలికి చుట్టుకుంటాను, ఇటు రెండు, అటు రెండు, ఒక ముడి. సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్ల పక్కన కూర్చుని మూర లెక్కన అమ్ముతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే. మా పనిలో విచ్చిన పువ్వు పనికిరాదు. మొగ్గలాగా తేవాలి, మొగ్గలాగా కట్టాలి, మొగ్గలాగా అమ్మాలి. అది విచ్చుకునేది కొన్న వాళ్ళ తలలో. బస్సులోనో, రైలులోనో, ఎవరి ఇంట్లోనో. ఇన్ని పూలు నా చేతుల మీదుగా పోయాయి కానీ, ఒక్కటి విచ్చుకుంటుంటే నేను చూసింది లేదు. అప్పట్లో ఈ మాట నాకు తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

ఓనరమ్మది గోదావరి వైపు. మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేరు. రోజూ పొద్దున దేవుడికి ఒక మూర పూలు ఇవ్వడానికి వాళ్ళ వంటింటి కిటికీ దగ్గరికి పోతాను. వచ్చిన వారం రోజులకు అనుకుంటా, పూలు అందుకుని ఆమె అడిగారు.

"ఏమ్మాయ్, వెనకాల ఏమైనా వచ్చిందా?"

"ఏమొస్తదమ్మా? ఎలుకలు సుత లేవు."

"ఎలుకలు కాదే. పువ్వు. బట్టల బండ పక్కన నేలలోంచి వస్తుంది. మాఘం వెళ్ళాక వస్తుంది. రాగానే నాకు చెప్పాలి, తెలిసిందా?"

నేను తల ఊపాను. అప్పుడామె కిటికీ ఊచలు పట్టుకుని ఆ పువ్వు సంగతి చెప్పారు. ఈ ఇల్లు కట్టుకుని వస్తున్నప్పుడు వాళ్ళక్క ఒక దుంపను తడిగుడ్డలో చుట్టి ఇచ్చిందట. కొత్తింటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని. రైలులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఇక్కడ నాటారు. అక్క పెరట్లో ఒకటి, ఇక్కడ ఒకటి. ఏడాదికొకసారి, ఎండలు ముదరకముందు పది పదిహేను రోజులు పూస్తుంది. ముందు ఎవరి ఇంట్లో పూస్తే వాళ్ళు ఫోన్ చెయ్యాలి.

"అక్క ఇంకేం అడిగేది కాదు. హలో అనేది కూడా కాదు. 'ఎన్ని వచ్చాయే?' అనేది. అంతే."

అక్క అంతకుముందు ఎండాకాలంలో పోయిందని, అక్కడి ఇల్లు అమ్మేశారని, ఆ పెరట్లో ఇప్పుడు కారు షెడ్డు ఉందని కూడా చెప్పారు. చెప్పి నా మల్లెపూలు వాసన చూసి, "ఇవాళ దారం ఎక్కువ, పూలు తక్కువ కట్టావు" అన్నారు.

"మీ దేవునికి తెల్వది గానీ మీకు తెలుస్తది" అన్నాను. ఆమె నవ్వారు.

ఆమె కూతురు సనత్‌నగర్‌లో ఉంటుంది. ఆదివారాలు వస్తుంది. ఒక ఆదివారం ఆమె వెనక షాబాద్ బండలు నింపిన ట్రాలీ వచ్చింది. పెరడంతా బండలు వేయించి హాస్టల్ పిల్లల బండ్లకు పార్కింగ్ ఇద్దామని ఆమె ఆలోచన. బండలు గోడకు ఆనించి పెట్టి, మేస్త్రీ ఉగాది వెళ్ళాక వస్తాడని చెప్పి పోయింది. మరునాడు కిటికీ దగ్గర ఓనరమ్మ నాతో అన్నారు.

"ఉగాది దాకా చూస్తాను. రాలేదంటే ఆ దుంప చచ్చినట్టే. అప్పుడు బండలు వేస్తే ఏంటి, సిమెంటు పోస్తే ఏంటి."

నిజం రాయాలి కదా, నాకు అప్పుడు సంతోషమైంది. బండలు పడితే ఊడ్చుకోవడం సులువు. చల్లటి షాబాద్ బండ మీద పూలు ఆరబోసుకుంటే వాడిపోవు. పువ్వు రావద్దని కోరుకోలేదు కానీ, రావాలని కూడా కోరుకోలేదు.

ఫాల్గుణం వచ్చింది. పెళ్ళిళ్ళు. మండపాల వాళ్ళ దగ్గర దండలు కట్టే పని దొరికి, పది పదిహేను రోజులు నాకు ఊపిరి సలపలేదు. పెరట్లో బట్టల బండ చుట్టూ మాత్రం ఊడ్చి, గోడల వెంబడి వదిలేశాను. ఆ పని తగ్గాక ఒక మధ్యాహ్నం తడిగుడ్డ మూట ముందు పెట్టుకుని, కానుగ కొమ్మ నీడలో కూర్చున్నాను. కానుగ పూలు రాలుతున్నాయి. పేలాలు చల్లినట్టు తలమీద, ఒళ్ళో, మల్లెమొగ్గల్లో. ఎక్కడో పైన మెట్రో రైలు పోతే చెరువులో నీళ్ళు కదిలినట్టు చప్పుడు వచ్చి ఆగిపోతుంది. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

కళ్ళు తెరిచినప్పుడు గోడ మొదట్లో నీలంగా ఒక చుక్క కనిపించింది.

ఎవరిదో రవిక గుండీ పడిందనుకున్నాను. పాకుతూ పోయి చూశాను. పువ్వు. గోరులో సగం కూడా లేదు. ఇంత నీలం నేను మార్కెట్‌లో చూడలేదు. చామంతులకు రంగు పోస్తారు, అది వేరు. ఇది ఎవరూ పోయకుండా వచ్చిన నీలం. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన నేలకంటుకుని మూడేసి ఆకుల మొక్క, పసుపు చుక్కల్లాంటి పూలు. ఆ వెనక పొడుగు కాడ మీద ఒంటరిగా చిన్న చామంతిలాంటిది. నేను మొదట చేసిన పని ఏమిటంటే కాడలు చూడటం. అలవాటు. ఈ నీలానికి కాడ లేదు, కట్టడానికి రాదు. పసుపు దానికి కాడ వెంట్రుకంత, ముడి వేస్తే తెగుతుంది. చామంతిలాంటి దానికి కాడ ఉంది కానీ, ఎవరు కొంటారు. అన్నీ చూసి, ఏవీ పనికిరావని తేల్చుకుని, అక్కడే కూర్చుండిపోయాను. పని లేని పూల దగ్గర ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ రోజు సాయంత్రం మెట్రో దగ్గరికి ఆలస్యంగా పోయాను.

మరునాడు మార్కెట్ నుంచి రాగానే వాటిని చూడటానికి పోయాను. నీలం పూలు పొద్దున నిండుగా ఉన్నాయి. మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకున్నాయి. మళ్ళీ పొద్దున కొత్తవి. పసుపువి ఎండ పడితేనే కళ్ళు తెరుస్తాయి. ఇవన్నీ మూర కోసం కాకుండా, ఎవరి తల కోసం కాకుండా, వాటి పాటికి అవి విచ్చుకుంటున్నాయి. నేను పూలు కడుతూ కడుతూ వాటినే చూసేదాన్ని. అవి విచ్చుకునే క్షణం మాత్రం ఎప్పుడూ దొరకలేదు. చూస్తుంటే కదలవు, ముడి వేసి తలెత్తేసరికి విచ్చుకుని ఉంటాయి.

మా ఆయన సనత్‌నగర్‌లో లేతు మిషన్ మీద పని చేస్తాడు. చిన్నప్పుడు మెదక్ దిక్కు పొలాల్లో కలుపు తీసిన మనిషి. ఆదివారం ఆయన్ని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయాను.

"ఇవేం పూలయ్యా?"

"ఇవి పూలా? ఇది కలుపు."

"కలుపుకు పేర్లుండయా?"

ఆయన చెప్పులు విడిచి గొంతుక్కూర్చున్నాడు. "గీ నీలంది విష్ణుక్రాంత. ఇది పులిచింత, ఆకు నమిలితే పుల్లగుంటది. ఇది గడ్డి చామంతి. కొడవలి తెగితే మా అవ్వ దీని ఆకు పిండి కట్టు కట్టేది. గిది తుమ్మి." ఒక్కొక్కటి చూపిస్తుంటే ఆయన గొంతు మారిపోయింది. పంపు పక్కన నేలకు పరుచుకున్న లావు ఆకులను చూసి ఆగాడు. "గంగవాయిలి కూర. అరె, పప్పుల వేస్తే ఎట్లుంటది తెల్సా? ఇన్ని దినాలు దీన్ని చీపురుతోటి ఊడ్చి పారేస్తున్నవా?"

"నాకేం తెల్సు. వాకిట్ల గడ్డి ఉంటే మా అమ్మ తిడుతుండె."

"మీ అమ్మ గడ్డిని తిట్టింది, కూరను తిట్టిందా?"

ఆ రోజు పప్పులో గంగవాయిలి వేశాను. ఓనరమ్మకు ఒక గిన్నె ఇచ్చాను. "మా వైపు పావిలి కూర అంటాం" అన్నారు, తిని గిన్నె కడిగి ఇచ్చారు. అప్పటి నుంచి గోడల వెంబడి చీపురు పెట్టలేదు. గోడకు ఆనించిన షాబాద్ బండలను చూస్తే నాకు బాగా అనిపించేది కాదు. ఒక్కో బండ ఎన్ని విష్ణుక్రాంతల మీద పడుతుందో ఊహించుకునేదాన్ని. ఇప్పుడు రోజూ కిటికీ దగ్గర ఆమె అడగకముందే నేనే చెప్పేదాన్ని, "ఇంకా రాలేదమ్మా" అని. రావాలని గట్టిగా కోరుకుంటూ చెప్పేదాన్ని.

నేను ఎదురు చూసింది ఒక మొక్క కోసం. ముందు మొలక రావాలి, ఆకు వెయ్యాలి, పొడుగవ్వాలి, మొగ్గ తొడగాలి, అప్పుడు పువ్వు. ఎవరైనా అట్లాగే కదా అనుకుంటారు. అందుకే బట్టల బండ పక్కన మట్టిని మాత్రం పొద్దున పొద్దున అద్దంలాగా ఊడ్చి పెట్టేదాన్ని. మొక్క వస్తే కనిపించాలని. అక్కడ తుంగ గడ్డి బాధ ఎక్కువ. ఉత్త మట్టిలోంచి సూదిలాంటి ముక్కులు పైకి వస్తాయి, చీపురుకు తగులుతాయి. కొన్ని సన్నగా పచ్చగా, కొన్ని కొంచెం లావుగా తెల్లగా. బొటనవేలి గోరుతో పుటుక్కుమని గిల్లి, వాడిపోయిన పూలు వేసే గంపలో పడేసేదాన్ని. రోజుకు ఒకటి, రెండు. ఒకరోజు మూడు.

ఉగాదికి నాలుగు రోజులు ఉందనగా, మధ్యాహ్నం పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. వాసన వచ్చింది.

నాకు తెలియని పూలవాసన ఈ ఊళ్ళో లేదని నా ధైర్యం. కళ్ళకు గంతలు కట్టినా ఏ మూటలో ఏముందో చెప్పగలను. ఇది మల్లె కాదు. సంపెంగ కాదు. లిల్లీ కాదు. పచ్చి అల్లం తుంచినప్పుడు వచ్చే చల్లదనం, దాని వెనక నెమ్మదిగా తీపి. పక్కింటి నుంచి వస్తోందేమో అని గోడ దాకా పోయాను. పోయింది. పంపు దగ్గరికి వచ్చాను. వచ్చింది. గంపలోంచి.

గంప మీద తడి గోనెగుడ్డ ఉంది. ఎత్తాను. నిన్నటి వాడిన మల్లెలు, తెగిన కనకాంబరాల మీద ఒక పువ్వు పడుకుని ఉంది. తెల్లటి రేకులు పైకి, కింద రెండు రేకులు వంకాయ రంగులో, సీతాకోకచిలుక రెక్కలు ఆరేసుకున్నట్టు. దాని కింద వేలంత పొడుగు తెల్లటి గొట్టం. గొట్టం చివర నా గోరు గిల్లిన గుర్తు.

పొద్దున నేను గిల్లి పడేసిన ముక్కు అది. తడిగుడ్డ కింద, చీకట్లో, చెత్తలో విచ్చుకుంది.

నేను గంప పక్కనే కూర్చున్నాను. ఎండ వీపు మీద పడుతోంది, మెట్రో రైలు ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది. ఆకు లేకుండా, కొమ్మ లేకుండా, ఉత్త మట్టిలోంచి మొగ్గే తలెత్తుకుని వచ్చే పువ్వు ఒకటుంటుందని నాకు ఎవరు చెప్పారు? కాదు, చెప్పారు. ఓనరమ్మ చెప్పారు, నేలలోంచి వస్తుందని. నేనే సరిగా వినలేదు. నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఇంకొకటి. నా వేళ్ళకు తెలిసి ఉండాలి. ఇరవై ఏళ్ళుగా మొగ్గలు పట్టుకున్న వేళ్ళు. తుంగ మొలక గట్టిగా ఉంటుంది, ఇది మెత్తగా నిండుగా ఉంది. వేళ్ళకు తెలిసే ఉంటుంది. నేనే ఊడ్చే ధ్యాసలో వాటి మాట వినలేదు. రోజుకు ఒకటి, రెండు. వచ్చిన ప్రతి పువ్వునూ నేనే గిల్లాను. కిటికీ దగ్గరికి పోయి, ఇంకా రాలేదమ్మా అని నేనే చెప్పాను.

బట్టల బండ పక్కకు పోయి వేళ్ళతో మట్టి తడిమాను. ముక్కులేమీ లేవు. ఆ రోజు లేవు, మరునాడు కూడా లేవు. పూసేవి పూసేశాయి.

సాయంత్రం మా ఆయనకు చూపించాను. పువ్వు అప్పటికే తల వాల్చేసింది. ఆయన చాలాసేపు పట్టుకుని చూశాడు.

"ఆమెకు చెప్తవా?"

"చెప్పొద్దా?"

"చెప్తే ఏమైతది? ఖాళీ చేసి పొమ్మంటది. మల్ల మూడో అంతస్తు. మల్ల మెట్ల మీద పూల మూట." ఆయన పువ్వును నా చేతిలో పెట్టాడు. "ఊకో. చెప్పకపోతే ఎవ్వరికి తెల్వది."

"చెప్పకపోతే దుంప సచ్చిందనుకుంటది. బండలేస్తరు. అది లోపట బతికే ఉన్నదయ్యా."

"అయితే చెప్పు."

"చెప్తే పొమ్మంటదని నువ్వే అంటివి."

"నేను రెండూ అంటా. నాదేం పోతది." లేచి, "నీ ఇష్టం. సామాను మోసేది ఎట్లైనా నేనే" అన్నాడు.

ఆ రాత్రి పువ్వును తడిగుడ్డలో చుట్టి తల దగ్గర పెట్టుకున్నాను. పొద్దున మార్కెట్‌కు పోలేదు.

కిటికీ దగ్గర కాకుండా ఆ రోజు ముందు గుమ్మంలోకి పోయాను. ఆమె కాఫీ తాగుతున్నారు. నేను గుడ్డ విప్పి, బల్ల మీద పెట్టాను. దారంలాగా వాడిపోయిన పువ్వు. ఆమె కళ్ళద్దాలు వెతుక్కోలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అంతే, తెలిసిపోయింది.

"ఎప్పుడు వచ్చింది?"

"చానా దినాలాయెనమ్మా వచ్చి. తుంగ గడ్డి అనుకున్న. రోజు గిల్లి పారేసిన." బల్ల అంచు పట్టుకున్నాను. "నేనే అమ్మా. అన్ని నేనే."

ఆమె నన్ను చూడలేదు. పువ్వునే చూస్తూ అడిగారు. "ఎన్ని?"

"లెక్క పెట్టలేదు. పది పన్నెండు ఉంటయి."

"పన్నెండు" అన్నారు. నాతో అన్నట్టు లేదు. తల ఎత్తారు. "పూలమ్ముకునేదానివి. పువ్వుని గుర్తుపట్టలేకపోయావా?"

"దానికి ఆకు లేదమ్మా."

"నీకు పువ్వంటే ఆకులో చుట్టి ఇవ్వాలి కాబోలు."

అది కోపమో, ఎగతాళో నాకు అర్థం కాలేదు. "వెళ్ళు. రేపు మాట్లాడదాం" అన్నారు.

ఆలస్యంగా మార్కెట్‌కు పోయి మిగిలిన మొగ్గలు తెచ్చాను. ఆ సాయంత్రం మెట్రో దగ్గర నేను కట్టిన మూరలు వదులుగా వచ్చాయి. ఒక హాస్టల్ పిల్ల జడలో పెట్టుకోగానే మూడు మల్లెలు జారిపడ్డాయి. "ఏంటి ఆంటీ, మనసు ఎక్కడుంది?" అంది. ఇంటికొచ్చి, గిన్నెలు ఏవి ముందు సర్దాలో, ఏవి తర్వాతో మనసులో అనుకుంటూ పడుకున్నాను.

మరునాడు పొద్దున నేను పెరట్లో ఉత్తగా నిలబడి ఉన్నాను. ఊడ్చే ధైర్యం లేదు. వంటింటి పక్క సందులోంచి చప్పుడు వచ్చింది. ఓనరమ్మ. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ వస్తున్నారు. నేను ఉరికి చెయ్యి అందించాను. బట్టల బండ మీద కూర్చోబెట్టాను. రెండేళ్ళయిందట ఆమె ఇక్కడికి వచ్చి. ఊపిరి తీసుకుని చుట్టూ చూశారు.

"గోడ పక్కన ఊడ్చలేదేం?"

"అవి పూస్తున్నయమ్మా" అన్నాను.

ఆమె వంగి చూశారు. నీలం పూలు ఆ పొద్దున ఎక్కువ వచ్చాయి. "విష్ణుక్రాంత. నా పెరట్లోనే" అన్నారు. తర్వాత బండ పక్కన నేను అద్దంలాగా ఊడ్చిన ఉత్త మట్టిని, ఆ పక్కన నా కాళ్ళను చూశారు. "జరుగు. దాని మీద నుంచున్నావు."

నేను గెంతినట్టు పక్కకు జరిగాను. ఆమె చేతికర్ర చివరతో మట్టిని నెమ్మదిగా కదిపారు. కొంచెం లోపల, ఎర్రగా చుట్టుకున్న కొస ఒకటి కనిపించింది. నేను నా రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకున్నాను.

"భయపడకు. ఇది ఆకు" అన్నారు. "పువ్వులు అయిపోయాక వస్తుంది. ఆకు వస్తోందంటే దుంప బాగానే ఉంది." కర్ర పక్కన పెట్టారు. "నువ్వు గిల్లింది పువ్వుల్నే. దుంపని కాదు."

"నన్ను ఉండమంటరా, పొమ్మంటరా?"

"ఎక్కడికి పోతావు? వచ్చే ఏడు దీన్ని ఎవరు చూస్తారు? ఇంకొకళ్ళు వస్తే వాళ్ళకి మళ్ళీ మొదట్నించి చెప్పాలి." లేవడానికి నా భుజం పట్టుకున్నారు. "నీకైతే ఇప్పుడు తెలిసింది."

ఉగాది వెళ్ళాక మేస్త్రీ వచ్చాడు. ఓనరమ్మ కిటికీ దగ్గరే నిలబడి కూతురితో ఫోన్‌లో గట్టిగా మాట్లాడారు. మేస్త్రీ గోడకు ఆనించిన బండల్లో ఆరు తీసుకుని, మా గుమ్మం నుంచి పంపు దాకా అడుగుకొకటి వేసి పోయాడు. మిగతావి ఇప్పటికీ గోడకు ఆని ఉన్నాయి. వాటి సందుల్లో గడ్డి చామంతి లేచింది. వానలకు ఆ దుంప ఆకులు నా మోకాలి దాకా వచ్చాయి, పైన వెండి గీతలు, కింద వంకాయ రంగు. చలికాలంలో ఎండి, మట్టిలో కలిసిపోయాయి. ఉత్త నేల మిగిలింది. నేను దాని చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి మల్లెల దారం కట్టాను. అటు చీపురు పోకుండా.

ఈ ఏడు మాఘం వెళ్ళాక, ఒక మధ్యాహ్నం దారం లోపల మట్టి చిట్లింది. తెల్లటి ముక్కు. మరునాడు నేను మార్కెట్‌కు పోలేదు. చీకటి విడుస్తుండగా బట్టల బండ మీద కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను, వాటి మీద నాకు నమ్మకం లేదు. ఈసారి ముడులు వేసే పని లేదు, తలెత్తి చూసే పని లేదు. వెలుతురు గోడ దిగి నేల మీదికి వచ్చింది. మొదట ఒక రేకు కొస వదులైంది, అంతే, చాలాసేపు ఇంకేమీ లేదు. నేను ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాను. తర్వాత ఎవరో లోపలి నుంచి మెల్లగా తలుపు తోసినట్టు రెండో రేకు. పచ్చి అల్లం వాసన. కింద వంకాయ రంగు రేకులు చివరికి, తొందరేమీ లేకుండా, పరుచుకున్నాయి. కళ్ళలో నీళ్ళు ఎందుకు వచ్చాయో నాకు తెలియదు.

కిటికీ దగ్గరికి పోయి "అమ్మా" అన్నాను. ఇంకేం అనకముందే ఆమె లేచారు.

బండలు వేసిన దారి మీద, ఒక్కో బండకూ ఆగుతూ వచ్చారు. నిలబడే చూశారు. తర్వాత బొడ్లో దోపుకున్న ఫోన్ తీశారు. నంబర్ల మీద వేలు పెట్టి ఆగిపోయారు. ఆ వేలు అట్లాగే గాలిలో ఉండిపోయింది. నేను పక్కకు చూశాను.

నా నడుము దగ్గర నా ఫోన్ మోగింది. తీసి చూస్తే ఓనరమ్మ నంబరు. ఆమె నాకు రెండు అడుగుల దూరంలో నిలబడి, ఫోన్ చెవికి పెట్టుకుని పువ్వు వైపే చూస్తున్నారు.

నేను నా ఫోన్ చెవికి పెట్టుకున్నాను. హలో అనలేదు.

"ఎన్ని వచ్చినయమ్మా?" అన్నాను.

"ఒకటే" అన్నారు ఫోన్‌లో. కొంచెం వంగి చూశారు. "ఆగు. పక్కన ఇంకో ముక్కు కనిపిస్తోంది."